ఎస్.ఇ. అంటే సుసాన్ ఎలోయీజ్

అమెరికాలో మిడిల్ స్కూలు చదివే పిల్లలున్న మన తెలుగు ఇళ్ళల్లో, బ్యాక్‌ప్యాక్ అడుగున నలిగిపోయి, అట్ట అంచులు మడతలు పడి, మొదటి పేజీలో పాత విద్యార్థుల పేర్లు నాలుగైదు ఉన్న ఒక పుస్తకం ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తూ ఉంటుంది. దాని పేరు ‘ది అవుట్‌సైడర్స్’. రాసింది ఎస్.ఇ. హింటన్. చాలా బళ్ళలో ఏడో క్లాసులోనో ఎనిమిదో క్లాసులోనో ఇంగ్లీషు టీచరు చదివిస్తారు. పిల్లలు చదువుతారు, క్విజ్ రాస్తారు, క్లాసులో సినిమా చూస్తారు, పుస్తకం తిరిగి ఇచ్చేస్తారు. మనకి మాత్రం ఆ క్విజ్‌లో ఎన్ని మార్కులు వచ్చాయన్నదే తెలుస్తుంది.

మా అమ్మాయి ఎనిమిదో క్లాసులో ఆ పుస్తకం తెచ్చినప్పుడు, రెండు వందల పేజీలు కూడా లేదు కదా అని నేనూ చదివాను. రెండు రాత్రుల్లో అయిపోయింది. చదివాక, ఇది రాసినాయన ఎవరో అనుకున్నాను. “ఆయన కాదమ్మా, ఆవిడ! రాసినప్పుడు హైస్కూల్లో ఉంది” అని మా అమ్మాయి నవ్వింది. ఆ మాటతో మొదలైన కుతూహలం మా కుటుంబాన్ని డాలస్ నుంచి నాలుగున్నర గంటలు కారులో టల్సా దాకా తీసుకెళ్ళింది. మా ఊరి తెలుగు పిల్లల్ని లైబ్రరీలో ఒక గదిలో కూర్చోబెట్టింది. ఆ సంగతులన్నీ మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

ముందు ఆవిడ కథ చెప్తాను.

సుసాన్ ఎలోయీజ్ హింటన్ 1948లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో పుట్టింది. చిన్నప్పటి నుంచీ గుర్రాలంటే ప్రాణం, పుస్తకాలంటే ఇంకా ప్రాణం. స్నేహితుల్లో ఎక్కువమంది మగపిల్లలే. చదివింది విల్ రోజర్స్ హైస్కూలు, 1939లో కట్టిన అందమైన భవనం. ఆ బడిలో పిల్లలు రెండు జట్లు. ఒక జట్టు ‘సోష్’లు. డబ్బున్న ఇళ్ళ పిల్లలు, మంచి కార్లు, మంచి చొక్కాలు. రెండో జట్టు ‘గ్రీజర్’లు. జుట్టుకి నూనె దట్టంగా పట్టించి వెనక్కి దువ్వుకునే, పనివాళ్ళ పేటల పిల్లలు. సుసాన్ ఏ జట్టులోనూ చేరలేదు కానీ ఉండేది మాత్రం గ్రీజర్ల పేటలోనే. ఒకరోజు ఆమె స్నేహితుడొకడు నడిచి ఇంటికి వెళ్తుంటే, కారులో వచ్చిన ‘మంచి కుటుంబాల’ పిల్లలు దిగి చావబాదారు. కారణం ఏమీ లేదు, వాడు గ్రీజర్, అంతే. ఆ కోపంతో ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టింది. అప్పటికి వయసు పదిహేను.

ఆ కోపం వెనక ఇంట్లో మరో బాధ కూడా ఉంది. తండ్రికి మెదడులో కణితి. ఆమె హైస్కూలు మూడో ఏడు చదువుతుండగా ఆయన పోయారు. ఆయన జబ్బుతో ఉన్న ఆ రోజుల్లోనే ఆ పిల్ల గదిలో కూర్చుని రాసుకుంటూ పోయింది. నవలలో ముగ్గురు అన్నదమ్ములకి అమ్మానాన్నలు ఉండరు, కారు ప్రమాదంలో పోతారు. పెద్దవాడు ఇరవై ఏళ్ళ డారీ, రెండోవాడు పదహారేళ్ళ సోడాపాప్, కథ చెప్పేవాడు పద్నాలుగేళ్ళ పోనీబాయ్. ఇంట్లో పెద్ద దిక్కు పోతుంటే పిల్లలకి ఎలా ఉంటుందో రాసిన పిల్లకి తెలుసు. అందుకే కాబోలు, ఆ ముగ్గురూ ఒకరినొకరు విడిచిపోతామేమోనని పడే భయం పేజీ పేజీలోనూ ఉంటుంది.

ఇక్కడ మన తల్లిదండ్రులందరూ ఒక్క క్షణం ఆగి వినాల్సిన సంగతి ఒకటుంది. ఆ నవల రాస్తున్న ఏడాదే సుసాన్‌కి బడిలో క్రియేటివ్ రైటింగ్ క్లాసులో వచ్చిన గ్రేడు ‘డి’!

ఈ మాట మా వారికి చెప్తే, “డి వచ్చిన పిల్ల రచయిత్రి అయితే అయింది గానీ, డి వచ్చిన వాళ్ళందరూ అవరు కదా. ఈ సంగతి పిల్లల ముందు మరీ ఎక్కువగా చెప్పకు” అన్నారు. ఆయన అన్నదీ నిజమే. అయినా గ్రేడు కాగితం మీద పట్టని పని ఒకటి ఆ పిల్ల చేస్తోందని ఆ ఏడాది బడిలో ఎవరికి తెలుసు?

రాసింది రాసినట్టు వదల్లేదు. మళ్ళీ మళ్ళీ తిరగరాసింది. ఒక స్నేహితురాలి తల్లి పిల్లల పుస్తకాలు రాసేవారు. ఆవిడ సాయంతో ఆ కాగితాలు న్యూయార్క్‌లోని ఒక ఏజెంటు చేతికి చేరాయి. హైస్కూలు గ్రాడ్యుయేషన్ రోజునే ప్రచురణ ఒప్పందం కబురొచ్చింది. వైకింగ్ ప్రెస్ వాళ్ళు 1967 ఏప్రిల్‌లో పుస్తకం వేశారు. అప్పటికి రచయిత్రి వయసు పద్దెనిమిది.

ప్రచురణకర్తలు ఒక సలహా ఇచ్చారు. ఇది మగపిల్లల కథ, చెప్పేదీ మగపిల్లవాడే, రాసింది ఆడపిల్ల అని తెలిస్తే సమీక్షకులు ముందే పెదవి విరుస్తారు, కాబట్టి పేరులో పొడి అక్షరాలే ఉంచుదామన్నారు. అలా సుసాన్ ఎలోయీజ్ కాస్తా ఎస్.ఇ. అయింది. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఆ కాలానికి అటూ ఇటూగా మన తెలుగు పత్రికల్లో నడిచింది దీనికి తిరగేసిన కథ! రచయిత్రుల నవలలకి అంత గిరాకీ ఉండేది కాబట్టి మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాసేవారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు ‘పురాణం సీత’ పేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాశారు. ‘బీనాదేవి’ అంటే ఒక్కరు కాదు, భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న పేరు. అక్కడ ఆడపేరుకి ఆదరణ, ఇక్కడ ఆడపేరుకి ముసుగు. పాఠకులకి కావలసింది మంచి కథే అయినా, మధ్యలో ఉన్నవాళ్ళు ఎన్ని లెక్కలు వేస్తారో చూడండి.

పేరు సంగతి అలా ఉంచితే, ఆ పుస్తకం తెచ్చిన అసలు మార్పు వేరే ఉంది. అంతకు ముందు లైబ్రరీలో పిల్లల పుస్తకాలు ఒక వైపు, పెద్దల పుస్తకాలు మరో వైపు. మధ్యలో ఉన్న పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి దొరికేవి ఎక్కువగా గుర్రాల కథలు, డాన్సు పార్టీకి ఎవరు పిలుస్తారన్న కథలు. తన వయసు వాళ్ళు నిజంగా పడే అవస్థలు ఏ పుస్తకంలోనూ లేవనే తాను రాశానని హింటన్ చాలాసార్లు చెప్పారు. అదే 1967లో న్యూయార్క్ టైమ్స్ పుస్తకాల అనుబంధంలో ఈ విషయం మీదే ఒక వ్యాసం కూడా రాశారు. ఈ రోజు ఏ లైబ్రరీకి వెళ్ళినా ‘యంగ్ అడల్ట్’ అని బోర్డు పెట్టి వరసలు వరసలుగా అలమరలు ఉంటాయి. వాటికి తలుపు తీసిన పుస్తకాల్లో ముందు చెప్పుకునేది దీన్నే.

మా తరానికి తెలుగులో ఆ మధ్య అలమర ఎక్కువగా ఉండేది కాదు. చందమామ, బాలమిత్ర చదివినంత కాలం చదివి, ఒక వేసవి సెలవుల్లో హఠాత్తుగా పెద్దవాళ్ళ వారపత్రికల సీరియళ్ళలోకి దూకేశాం. రాజకుమారుల నుంచి ఒక్క గెంతులో ప్రేమల్లోకీ పెళ్ళిళ్ళలోకీ. పద్నాలుగేళ్ళ పిల్ల మనసులో ఏముంటుందో పద్నాలుగేళ్ళప్పుడు నాకు చెప్పిన పుస్తకం తక్కువ. అందుకేనేమో నలభై దాటాక చదివినా ‘ది అవుట్‌సైడర్స్’ నాకు కొత్తగా అనిపించింది.

అంత చిన్న వయసులో అంత పేరు వస్తే ఏమవుతుంది? రాయలేకపోయారు. టల్సా యూనివర్సిటీలో చదువుతున్న రోజుల్లో మూడేళ్ళ పాటు కలం కదల్లేదు. అందరూ తర్వాతి పుస్తకం కోసం చూస్తున్నారన్న బెంగే అడ్డం పడింది. అప్పుడు ఆమె స్నేహితుడు, తర్వాత భర్త అయిన డేవిడ్ ఇన్‌హాఫ్ ఒక షరతు పెట్టాడు. రోజుకి రెండు పేజీలు రాయాలి. రాయకపోతే ఆ సాయంత్రం షికారు లేదు! అలా రోజుకి రెండేసి పేజీలుగా రెండో నవల ‘దట్ వజ్ దెన్, దిస్ ఈజ్ నౌ’ పూర్తయింది. 1970లో వాళ్ళ పెళ్ళయింది, 1971లో పుస్తకం వచ్చింది. ఆ తర్వాత ‘రంబుల్ ఫిష్’ 1975లో, ‘టెక్స్’ 1979లో, ‘టేమింగ్ ద స్టార్ రన్నర్’ 1988లో వచ్చాయి. ఆ 1988లోనే అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తరఫున యువ పాఠకుల రచయితలకిచ్చే మార్గరెట్ ఎడ్వర్డ్స్ అవార్డు మొట్టమొదటిగా ఆవిడకే ఇచ్చారు. మొత్తం మీద రాసిన పుస్తకాలు తక్కువే. మధ్యలో కొడుకు పుట్టాడు, వాణ్ణి పెంచుకున్నారు. చిన్నపిల్లల కోసం రెండు పుస్తకాలు, పెద్దవాళ్ళ కోసం 2004లో ‘హాక్స్ హార్బర్’ రాశారు. రాయాలనిపించినప్పుడే రాశారు, లేనప్పుడు ఊరుకున్నారు.

సినిమా కథ పిల్లలకి బాగా నచ్చుతుంది. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర లోన్ స్టార్ అనే చిన్న బడి. అక్కడి లైబ్రేరియన్, విద్యార్థులు కలిసి 1980లో దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పొలాకి ఉత్తరం రాశారు. ఈ పుస్తకాన్ని మీరే సినిమా తీయాలని వందకు పైగా పిల్లలు సంతకాలు పెట్టారు. ‘గాడ్‌ఫాదర్’ తీసిన ఆయన ఆ ఉత్తరం చూసి, పుస్తకం చదివి, నిజంగానే టల్సాకి వచ్చి తీశాడు! 1983లో విడుదలైన ఆ సినిమాలో టామ్ క్రూజ్, పాట్రిక్ స్వేజీ, మాట్ డిలన్, డయాన్ లేన్ అందరూ కుర్రవాళ్ళే. హింటన్ కూడా నర్సు వేషంలో ఒక్క నిమిషం కనిపిస్తారు. సినిమా చివర ఆ బడి పిల్లలకీ లైబ్రేరియన్‌కీ అంకితం అని వేశారు.

మేము టల్సా వెళ్ళింది ఆ సినిమాలో అన్నదమ్ముల ఇల్లుగా చూపించిన ఇంటిని చూడటానికి. పడిపోయే స్థితిలో ఉన్న ఆ ఇంటిని డానీ బాయ్ ఓకానర్ అనే ర్యాప్ గాయకుడు 2016లో కొని, బాగు చేయించి, 2019లో మ్యూజియంగా తెరిచాడు. పెద్ద భవనం అనుకుని వెళ్ళకండి. ముందు వరండా ఉన్న చిన్న చెక్క ఇల్లు. మా వారు కారు దిగి, “దీని కోసమా ఇంత దూరం?” అన్నట్టు నా వైపు చూశారు. మా అమ్మాయి మాత్రం వరండా మెట్ల మీద కూర్చుని పది నిమిషాలు లేవలేదు.

తిరుగు ప్రయాణంలో అది అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి అసలు కారణం. “అమ్మా, మన తెలుగువాళ్ళల్లో మనం సోష్‌లమా, గ్రీజర్లమా?”

అదేం ప్రశ్నే అన్నాను. అది చెప్పడం మొదలుపెట్టింది. మన పిక్నిక్‌లో బల్లలు ఎలా పడతాయో చూశావా అంది. గేటెడ్ కమ్యూనిటీ వాళ్ళు ఒక వైపు, అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఒక వైపు. ఎవరు ఏ స్కూలు డిస్ట్రిక్టో అడిగాకే కొంతమంది ఆంటీలు మాట్లాడతారు. తన స్నేహితురాలి నాన్నగారు గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేస్తారు, అందుకని ఆ పిల్లని ఏ పుట్టినరోజు పార్టీకీ పిలవరు, పిలిచినా ఆ పిల్ల రాదు, ఎందుకంటే తిరిగి పిలవడానికి వాళ్ళింట్లో చోటు లేదు. “వాళ్ళు కొట్టుకున్నారు, మనం కొట్టుకోం. అంతే తేడా” అంది. ముందు సీట్లో మా వారు రేడియో కట్టేశారు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. మనమంతా ఒక్కటే అని చెప్పడం సులువే. ఉగాది వేదిక మీద ఆ మాట ప్రతి ఏడాదీ వింటూనే ఉంటాం. పదమూడేళ్ళ పిల్లలు మాట వినరు, బల్లలు చూస్తారు.

డాలస్ వచ్చాక మా అమ్మాయే ఒక ఆలోచన చెప్పింది. తెలుగు పిల్లలం కలిసి ఈ పుస్తకం గురించి మాట్లాడుకుందాం, కానీ ఎవరింట్లోనూ వద్దు, పబ్లిక్ లైబ్రరీలో అయితే ఎవరూ ఎవర్నీ తిరిగి పిలవక్కర్లేదు అని. ఆ చివరి మాట నాకు తట్టి ఉండేది కాదు. లైబ్రరీలో మీటింగ్ గది ఉచితంగానే దొరికింది. మొదటిసారి పదకొండు మంది వచ్చారు. ఆ స్నేహితురాలూ వచ్చింది. నేను వెనక కుర్చీలో కూర్చుని సమోసాలు పంచడం తప్ప ఏమీ చేయకూడదని ముందే ఒప్పందం.

పిల్లలందరూ పోనీబాయ్ గురించి మాట్లాడారు. వాడి పుస్తకాల పిచ్చి, సూర్యాస్తమయాలు చూడటం, పారిపోయి పాత చర్చిలో దాక్కున్నప్పుడు ‘గాన్ విత్ ద విండ్’ చదవడం. కొంతమంది జానీ గురించి, ఇద్దరు అబ్బాయిలు డాలీ గురించి వాదించుకున్నారు. చివరికి ఆ అమ్మాయి మెల్లగా ఇంగ్లీషులో అంది. డారీ గురించి ఎవరూ మాట్లాడరేం? వాడికీ కాలేజీకి వెళ్ళాలని ఉంది, ఫుట్‌బాల్ బాగా ఆడతాడు, కానీ తమ్ముళ్ళ కోసం ఇళ్ళ కప్పుల పని చేస్తాడు, అలిసిపోయి ఇంటికొచ్చి కోప్పడతాడు, పోనీబాయ్‌కి అది ప్రేమని చాలా ఆలస్యంగా తెలుస్తుంది అంది. తర్వాత తెలుగులో, నా వైపు తిరిగి, “మా నాన్న కూడా అంతే ఆంటీ. ఊళ్ళో ఉన్నప్పుడు లెక్కల మాస్టారు” అంది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడొక అబ్బాయి, గేటెడ్ కమ్యూనిటీ అబ్బాయే, “మీ నాన్నగారు ఆల్జీబ్రా చెప్తారా?” అని అడిగాడు. అందరూ నవ్వారు. కానీ వాడు నిజంగానే అడిగాడు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు ఆయన అదే లైబ్రరీలో నలుగురు పిల్లలకి లెక్కలు చెప్తున్నారు. పిక్నిక్ బల్లలు కలిసిపోయాయని నేను అబద్ధం చెప్పను. బల్లలు అలాగే ఉన్నాయి. పిల్లలు మాత్రం ప్లేట్లు పట్టుకుని ఆ బల్ల నుంచి ఈ బల్లకి తిరుగుతున్నారు.

ఒక పుస్తకం వల్ల ఇంత జరుగుతుందా అని మీకు అనిపించవచ్చు. పిల్లలకి మనం చెప్పేది నీతి. వాళ్ళ వయసు పిల్ల రాసిన కథ నీతి చెప్పదు, అద్దం పట్టుకుని నిలబడుతుంది. ఆ అద్దం నచ్చనివాళ్ళూ ఉన్నారు. కొట్లాటలు, సిగరెట్లు, తాగుడు ఉన్నాయని ఈ పుస్తకాన్ని బళ్ళ నుంచి తీసేయమన్న తల్లిదండ్రులు చాలామంది. లైబ్రరీ అసోసియేషన్ 1990ల దశాబ్దంలో ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన వంద పుస్తకాల జాబితా వేస్తే అందులో ఇదీ ఉంది. మీ పిల్లల చేతిలో ఇలాంటి పుస్తకం చూసి మీకూ అనుమానం వస్తే, లాక్కోకుండా ముందు మీరూ చదవండి. అభ్యంతరం ఉంటే చదివాక చెప్పండి, పిల్లలు వింటారు. చదవకుండా చెప్తే వినరు.

రాసుకునే పిల్లలున్న తల్లిదండ్రులకి మరో చిన్న మాట. మా అమ్మాయికి ఇప్పుడొక నోటుబుక్కు ఉంది. అందులో ఏముందో నేను అడగను. నవలలో పోనీబాయ్ ఇంగ్లీషు క్లాసు తప్పే పరిస్థితిలో ఉంటాడు. మంచి వ్యాసం ఒకటి రాస్తే ‘సి’ ఇచ్చి గట్టెక్కిస్తానంటాడు టీచరు. వాడు రాసిన ఆ వ్యాసమే ఈ నవల అని చివరి పేజీలో తెలుస్తుంది. ‘డి’ వచ్చిన పిల్ల తన కథానాయకుడికి ‘సి’ దాకా అవకాశం ఇప్పించిందన్నమాట!

టల్సా పిల్ల పుస్తకం ఇప్పటికి కోటిన్నర ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. 2024లో బ్రాడ్‌వే మీద సంగీత నాటకంగా వచ్చి, ఆ ఏడాది ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ అవార్డు కూడా తెచ్చుకుంది. ఇవన్నీ పిల్లలకి చెప్తే, మొదట వాళ్ళు అడిగింది ఒకటే: “ఆవిడకి డి ఇచ్చిన టీచర్ ఏమన్నారు ఆంటీ?”

మా లైబ్రరీ గదిలో తర్వాతి పుస్తకం కూడా పిల్లలే ఎంచుకున్నారు. వాల్టర్ డీన్ మయర్స్ రాసిన ‘మాన్‌స్టర్’. హార్లెమ్‌లో పెరిగి, హైస్కూలు మధ్యలో మానేసి, పదిహేడేళ్ళకి సైన్యంలో చేరి, తర్వాత రచయిత అయిన ఆయన పుస్తకం. యువ సాహిత్యానికిచ్చే ప్రింట్జ్ అవార్డు 2000లో మొదలైనప్పుడు మొదటిది ఆ పుస్తకానికే. మీ ఊళ్ళో మీరూ ఇలాంటిదొకటి పెట్టుకోవాలనుకుంటే పెద్ద ఖర్చేమీ లేదు. ఒక గది, ఒక పుస్తకం, కాసిని సమోసాలు. పెద్దవాళ్ళు వెనక కుర్చీల్లో కూర్చోవాలి, అంతే. ఈసారి సమోసాలు మా వారు తెస్తామన్నారు. పుస్తకం కూడా సగం చదివారు.